క్రూయిజ్‌లో గడియారం మారినప్పుడు: నిద్ర, మందులు, ఫోను ఓడ టైంకు ఎట్లా కలుపుకోవాలి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఏ ఇంట్లో అడిగినా దుబాయికి మనకు గంటన్నర తేడా అని చిన్న పిల్లలు కూడా చెప్తారు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇక్కడ పది. ఒకసారి నేర్చుకుంటే ఏండ్ల తరబడి అదే లెక్క. క్రూయిజ్ ఓడలో చిక్కు ఎక్కడంటే, ఆ తేడా ఒక్కచోట నిలవదు. నిన్నటిదాకా ఇంటికీ ఓడకూ పన్నెండున్నర గంటల తేడా ఉంటే, ఈ పొద్దు పదమూడున్నర. వారం తిరిగేసరికి మళ్లీ పన్నెండున్నర. పిల్లల దగ్గరికి అమెరికా పోయి అక్కడి నుంచి అలాస్కాకో కరీబియన్‌కో ఓడెక్కే తల్లిదండ్రులకు, సింగపూర్ నుంచి నాలుగైదు రోజుల ఓడ బుక్ చేసుకున్న కుటుంబాలకు, రిటైరయ్యాక అట్లాంటిక్ దాటుదామని అనుకునేవాళ్లకు పనికొచ్చే వివరాలు ఇవి.

ఒక గంట అటూ ఇటూ అయితే మనిషికి పెద్దగా ఏమీ కాదు. మేడారం జాతరకు పోయి రెండు రాత్రులు సరిగ్గా పడుకోకుండా తిరిగొచ్చేవాళ్లం మనం. ఓడలో దెబ్బ తగిలేది ఆ ఒక్క గంటను ఒక్కో గడియారం ఒక్కో తీరుగా చెప్పినప్పుడు. క్యాబిన్‌లో ఒక టైం, ఫోనులో ఒకటి, రేవులో ఒకటి, హన్మకొండలో ఇంకొకటి, కడుపుకు నిద్రకు ఇంకొకటి. వీటిలో ఓడ టైం మాటే వినాలి. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి.

ముందుగా: మీ ఓడకు అసలు టైం మారుతుందా?

అన్ని ఓడలకూ మారదు. ముంబై, చెన్నై నుంచి లక్షద్వీప్, కొచ్చి, గోవా పోయే ఓడల్లో ఏ మార్పూ లేదు. శ్రీలంక కూడా మన టైమే. ఈ ఓడలైతే కింద మందుల సంగతి ఒక్కటి చదివి వదిలేయొచ్చు.

సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. పెనాంగ్, లంకావి కూడా అదే టైం. ఫుకెట్ మాత్రం సింగపూర్ కన్నా గంట వెనక. ఫుకెట్ ఆగే ఓడ ఎక్కితే, ఆ రోజు ఓడ తన గడియారం మారుస్తుందా, సింగపూర్ టైం మీదే ఉంటుందా అని ఎక్కిన రోజే రిసెప్షన్‌లో అడగండి. ఓడను బట్టి ఇది మారుతుంది.

సియాటిల్ నుంచి అలాస్కా పోయే ఓడల్లో వెళ్లేటప్పుడు గంట వెనక్కి, వచ్చేటప్పుడు గంట ముందుకు తిప్పుతారు. వేసవిలో సియాటిల్ మనకు పన్నెండున్నర గంటలు వెనక, అలాస్కా పదమూడున్నర.

మయామీ నుంచి కరీబియన్ పోయే ఓడల లెక్క కాలాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. చాలా కరీబియన్ దీవుల్లో ఆ అలవాటు లేదు. అందుకే కోజుమెల్, జమైకా చలికాలంలో మయామీతో సమానంగా ఉండి, వేసవిలో గంట వెనకబడతాయి. ప్యూర్టో రికో తిరకాసుగా ఉంటుంది: వేసవిలో మయామీతో సమానం, చలికాలంలో గంట ముందు. ఓడ ఏమో చాలాసార్లు బయలుదేరిన రేవు టైం మీదే నడుస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, రేవుల సంగతి దగ్గర మళ్లీ చెప్తాం.

అట్లాంటిక్ దాటే ఓడలది వేరే కథ. న్యూయార్క్ నుంచి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు ఐదు గంటల తేడా. వారం రోజుల ప్రయాణంలో ఐదుసార్లు గంట చొప్పున తిప్పుతారు. ఫ్లోరిడా నుంచి బార్సిలోనాకు ఆరు గంటలు, కానీ రెండు వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో ఊపిరి తీసుకునే రోజులు దొరుకుతాయి. యూరప్‌లో గడియారాలు తిప్పేది మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. అమెరికా తేదీలు వేరు. ఆ రెండింటి మధ్య వారాల్లో ప్రయాణమైతే తేడా ఒక గంట తగ్గి ఉంటుంది. పాత లెక్కలు పట్టుకుని కూర్చోవద్దు.

తూర్పా, పడమరా: బుకింగ్ అప్పుడే చూసుకోండి

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఇండియా గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. వరంగల్ 79.6 దగ్గర ఉంది కాబట్టి సగటున మనకు సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండు దాటి మరో 12 నిమిషాలకు. ఊర్లో ఆ మాత్రం తేడాను ఎవరం పట్టించుకోం. సముద్రం మీద అది పోగవుతూ పోతుంది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర 15 డిగ్రీలంటే దాదాపు 636 నాటికల్ మైళ్లు. ఇరవై నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్లతో పోయే ఓడకు అది 32 గంటల దారి. విమానం అదే దూరాన్ని గంటా ఇరవై నిమిషాల్లో దాటేస్తుంది. మన ఒళ్లు రోజుకు సుమారు ఒక గంట చొప్పున కొత్త టైంకు అలవాటు పడుతుంది. ఓడ నడక దానికి సరిపోతుంది, విమానం నడక సరిపోదు.

అయితే రెండు దిక్కులూ ఒకటి కావు. ఒంట్లోని గడియారం 24 గంటల కన్నా కొద్దిగా పొడుగ్గా తిరుగుతుంది. అందుకే రోజును సాగదీయడం తేలిక, కుదించడం కష్టం. పడమటికి పోతే రోజుకు 25 గంటలు, తూర్పుకు పోతే 23. అట్లాంటిక్ దాటాలనుకుంటే యూరప్ నుంచి అమెరికాకు పోయే ఓడ ఎంచుకోండి. చలికాలానికి ముందు ఓడలు కరీబియన్‌కు మళ్లుతాయి, ఆ దిక్కు ప్రయాణాలు అప్పుడు దొరుకుతాయి. వసంతంలో యూరప్‌కు వచ్చే ఓడల్లో రోజు మార్చి రోజు గంట పోతుంటుంది. నాలుగో గంట పోయేసరికి డైనింగ్ హాలులో పొద్దుటి కుర్చీలు సగం ఖాళీగా కనిపిస్తాయి.

ఈ సూత్రం తెల్లవారుజామునే లేచే పెద్దవాళ్ల దగ్గర తిరగబడుతుంది. నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చే అలవాటున్న అమ్మకు, గంట వెనక్కి తిప్పిన రాత్రి మూడింటికే మెలకువ వస్తుంది. అప్పటికి టిఫిన్ తెరవరు, క్యాబిన్‌లో లైటు వేస్తే పక్కవాళ్లు లేస్తారు. అలాంటివాళ్లకు గంట వెనక్కి పోయే సాయంత్రం భోజనం అయ్యాక పాటలో, ఆటలో ఉన్న హాల్లోకి తీసుకుపోయి కొత్త టైం పది దాకా కూర్చోబెట్టండి. ఏడింటికే క్యాబిన్‌కు పంపితే మూడింటి మెలకువ రెండున్నరకు జరుగుతుంది.

క్యాబిన్ సంగతి కూడా బుకింగ్ అప్పుడే తేల్చుకోవాలి. కిటికీ లేని లోపలి క్యాబిన్ ధర తక్కువ, కానీ లైటు తీస్తే బొగ్గుబాయి చీకటి. పొద్దు పొడిచినా ఒంటికి తెలియదు, తొమ్మిదిన్నర దాకా నిద్ర పట్టేస్తుంది, ఆ రాత్రి ఒంటి గంట దాకా నిద్ర రాదు. మీకు లోపలి క్యాబినే వచ్చిందనుకోండి, టీవీలో ఓడ ముందు భాగం కెమెరా చానెల్ ఉంటే పడుకునే ముందు అది పెట్టి సౌండ్ పూర్తిగా తగ్గించండి. రాత్రంతా తెర నల్లగా ఉంటుంది, తెల్లవారితే గదిలోకి వెలుతురు వస్తుంది. ఖర్చులేని కిటికీ. అలాస్కాకు జూన్‌లో పోతే మాత్రం దీనికి తలకిందులు. జునోలో రాత్రి పది దాకా వెలుగుంటుంది. బాల్కనీ తీసుకున్నవాళ్లు పరదాలు మూయకపోతే నిద్ర రాదు. పరదా మధ్య సందు మూయడానికి రెండు బట్టల క్లిప్పులు, కళ్లకు కట్టుకునే గుడ్డ తీసుకుపోండి.

ఓడెక్కే ముందు మూడు రోజులు

సియాటిల్‌లో గంట తేడా గురించి ఆలోచించే ముందు, అక్కడికి చేరడానికి పన్నెండున్నర గంటల తేడా దాటాలి. ఓడకు ఒక్క రోజు ముందు దిగడం తప్పు. కనీసం రెండు రాత్రులు, కుదిరితే మూడు అక్కడ గడపాలి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, అది ఒక కారణం. రెండోది, నిద్రలేని కళ్లతో మొదటి రోజు ప్రమాద సమయంలో ఎక్కడ గుమికూడాలో చెప్పే డ్రిల్ కూడా బుర్రకెక్కదు.

వరంగల్ వాళ్లకు ఇంకో నష్టం ఉంది. శంషాబాద్ నుంచి విదేశీ విమానాలు చాలామటుకు నడిరాత్రో తెల్లవారుజామునో ఉంటాయి. ఇంటి నుంచి విమానాశ్రయానికి మూడు గంటలకు పైగా రోడ్డు, అక్కడ ఇంకో మూడు గంటల ముందు ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి బంధువుల వీడ్కోలు, బొట్లు, ఫొటోలు, ఆ తర్వాత కారు. విమానం ఎక్కకముందే ఒక రాత్రి నిద్ర పోయినట్టే. అందుకని ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఫోన్లు పక్కన పెట్టి తలుపులేసుకుని పడుకోండి. చుట్టాలను సాయంత్రం రమ్మనండి.

దిగాక మొదటి రెండు రోజులు మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు మధ్య బయట వెలుగులో ఉండండి, నీడలో కూర్చున్నా ఫరవాలేదు. ఒంట్లోని గడియారాన్ని జరిపేది వెలుగే. చీకటి పడ్డాక ఫోను తెర వెలుగు తగ్గించండి. పగలు కునుకు ఆపుకోలేకపోతే మూడింటి లోపే, అదీ అలారం పెట్టుకుని అరగంట. రెండు గంటలు పడుకున్నారంటే ఆ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు.

గడియారం ఒకటి, ఫోను ఒకటి

ఇంట్లో మూలకు పడ్డ పాత చేతి గడియారం ఉంటుంది, చాలా ఇండ్లల్లో హెచ్‌ఎంటీదే. సెల్‌తో నడిచేదైతే సెల్ వేయించి తీసుకుపోండి. దానికి సిగ్నల్ అందదు, తనంతట తాను మారదు. ఓడలో అంతకన్నా మంచి గుణం ఇంకొకటి లేదు. ఓడ ఎక్కగానే క్యాబిన్‌లోని ల్యాండ్‌లైన్ ఫోను చూపించే టైంకు దాన్ని కలపండి. ఆ ఫోను ఎప్పుడూ ఓడ టైమే చూపిస్తుంది.

స్మార్ట్‌ఫోను మాత్రం ఏ టవర్ దొరికితే దాని మాట వింటుంది. ఒడ్డుకు దగ్గరగా పోయేటప్పుడు పక్క దేశం టవర్ పట్టి గంట ముందుకో వెనక్కో దూకుతుంది. నడిసముద్రంలో ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్ పడితే టైం సంగతి అటుంచి బిల్లు వాతలు తేలుస్తుంది. కాబట్టి:

1. ఓడ కదలకముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, ఆ తర్వాత వైఫై మాత్రం ఆన్ చేయండి.
2. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైం తెరిచి ఆటోమేటిక్ టైం జోన్ ఆపండి. ఐఫోన్‌లో ఇది జనరల్ లోపల సెట్ ఆటోమేటికల్లీ అనే మీట.
3. టైం జోన్‌గా ఓడ ఇప్పుడున్న టైం ఏ ఊరిదో ఆ ఊరు ఎంచుకోండి. సియాటిల్ నుంచి అలాస్కాకు మారిన రాత్రి జునో లేదా యాంకరేజ్ పెడితే సరిపోతుంది. అంకెలను చేత్తో తిప్పకండి. అలా చేస్తే ఫోను లెక్కలో అసలు సమయమే తప్పయి కొన్ని యాప్‌లు పనిచేయడం మానేస్తాయి.
4. చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే అది ఫోనును అనుసరిస్తుంది, విడిగా ముట్టుకోవద్దు.
5. వరల్డ్ క్లాక్‌లో హైదరాబాద్ లేదా కోల్‌కతా ఒకటి చేర్చుకోండి, ఇంటి టైం అక్కడ కనిపిస్తుంది.

ఇందులో చాలామంది పడే గుంత క్యాలెండర్. ఇంట్లో కూర్చుని ఫలానా తేదీ పొద్దున 9 గంటలకు బోటు షికారు అని ఫోనులో రాసుకుంటే, ఫోను దాన్ని ఇండియా 9 గంటలుగా గుర్తుపెట్టుకుంటుంది. అలాస్కా చేరాక అదే ముందురోజు రాత్రి ఏడున్నరకు మోగుతుంది. షికార్లు, తిరుగు విమానం, హోటల్ టైంలు కాగితం మీద ఆ ఊరి టైంలో రాసుకుని పాస్‌పోర్టుతో పెట్టుకోండి. పొద్దున లేవడానికి కూడా ల్యాండ్‌లైన్ ఫోనులో వేకప్ కాల్ పెట్టుకోండి, అది ఓడ గడియారాన్ని బట్టి మోగుతుంది.

గంట తిప్పే రాత్రి

సాయంత్రం మీ గదికి వచ్చే రేపటి కార్యక్రమాల కాగితంలో, లేదా ఓడ యాప్‌లో, ఈ రాత్రి గడియారం గంట ముందుకు లేదా వెనక్కి అని రాసి ఉంటుంది. లెక్కకు అది రాత్రి రెండింటికి. మీరు మాత్రం భోజనానికి వెళ్లే ముందే చేతి గడియారం తిప్పేసి, అప్పటి నుంచి కొత్త టైంలోనే బతకండి. పడుకునే ముందు తిప్పుదామనుకుంటే ఇద్దరూ తిప్పి రెండు గంటలు పోగొట్టుకునే దంపతులు ఉంటారు. ఎవరు తిప్పాలో ఒకరికి అప్పగించండి.

ముందుకు తిప్పే రాత్రి, అంటే గంట పోయే రాత్రి, పని పొద్దుటి నుంచే మొదలవుతుంది. సముద్రం మీద రోజుల్లో చాలా ఓడల్లో నాలుగింటికి టీ, కేకులు పెడతారు. ఆ పూట వదిలేయండి. కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది, నాలుగింటి చాయ్ సగం తొమ్మిదింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. చాయ్ లేకుండా ఉండలేనివాళ్లు మధ్యాహ్నం రెండులోపు ముగించండి. భోజనానికి రెండు విడతలుంటే తొందర విడత అడగండి. మామూలుగా తొమ్మిదింటికి తినే మనకు ఇది ఇష్టం ఉండదు. గంట పోయిన రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకుంటే ఛాతీలో మంట తప్ప నిద్ర రాదు. మద్యం కూడా అంతే, నిద్ర తెచ్చినట్టే తెచ్చి నడిరాత్రి లేపుతుంది.

పొద్దున మాత్రం కొత్త టైం ప్రకారమే లేవాలి, ఎంత కష్టమైనా. లేచిన అరగంటలో పై డెక్ మీదికి పోయి ఇరవై, ముప్పై నిమిషాలు నడవండి. ఉత్తరార్ధగోళంలో తూర్పుకు పోయే ఓడకు పొద్దుటి ఎండ ముందు నుంచి, కుడిపక్క నుంచి వస్తుంది. పడమటికి పోతుంటే వెనక డెక్ మీద. తెల్లవారుజామున సిబ్బంది డెక్ కడుగుతారు, చెప్పులతో జారుతుంది, బూట్లు వేసుకోండి. పడమటి ప్రయాణంలో దీనికి ఎదురు: పొద్దున తొందరపడొద్దు, సాయంత్రం ఎండ ఉన్నంతసేపు బయట గడపండి.

కొన్ని ఓడలు తూర్పు ప్రయాణంలో రాత్రి కాకుండా మధ్యాహ్నం పన్నెండును ఒంటిగంట చేస్తాయి. నిద్రకు ఇది ఎంతో మేలు. దెబ్బ తినేది టిఫిన్‌కూ భోజనానికీ మధ్య గడువు, అందుకే ఆ రోజు టిఫిన్ కొంచెం తేలిగ్గా తినండి.

చిన్నపిల్లలను గంట మారే రోజుకు రెండు రోజుల ముందు నుంచి రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు జరపండి. అంతకు మించి ఏమీ అక్కరలేదు, పిల్లలు పెద్దల కన్నా తొందరగా సర్దుకుంటారు.

మందులు: ఇక్కడ నిర్లక్ష్యం వద్దు

రోజుకు ఒకసారి వేసుకునే బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలను గంట తేడాకు కొత్త టైంలోనే వేసుకోవచ్చు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని కనీసం అరగంట ఆగాకే చాయ్. గంట పోయిన పొద్దున షికారు హడావుడిలో అందరూ తప్పేది ఇదే. మాత్ర, నీళ్ల సీసా దిండు పక్కనే పెట్టుకుని కళ్లు తెరవగానే వేసుకోండి.

షుగర్ ఉన్నవాళ్లు గడియారం కన్నా పళ్లెం చూసుకోవాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రను అలారం మోగిందని క్యాబిన్‌లో వేసుకుని, బఫే తెరవడానికి ఇంకా నలభై నిమిషాలుందని లైనులో నిలబడితే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే అది సముద్రపు ఊపు అనుకుని పడుకుంటారు, అదే పెద్ద ప్రమాదం. గంట వెనక్కి తిప్పిన పొద్దున ఆకలి ముందే వేస్తుంది, తిండి ఆలస్యంగా దొరుకుతుంది. మంచం పక్కన బిస్కెట్ ప్యాకెట్, గ్లూకోజ్ పొడి పెట్టుకోండి. ఇంటి నుంచి తెచ్చిన సకినాలు, సర్వపిండి ముక్కలు ఆకలి ఆపుతాయి కానీ పడిపోయిన షుగర్‌ను తొందరగా లేపవు, దానికి గ్లూకోజే కావాలి. మాత్ర అన్నం ఎదురుగా ఉన్నప్పుడే వేసుకోండి.

రోజుకు ఒకసారి తీసుకునే గ్లార్జిన్ ఇన్సులిన్‌కు ఓడలో గంట అటూ ఇటూ అయినా సాధారణంగా సర్దుకోవచ్చు. విమానంలో తొమ్మిది, పన్నెండు గంటల తేడా దాటేటప్పుడు మాత్రం ఎన్ని యూనిట్లు, ఎప్పుడు అనేది బయలుదేరే ముందే మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. మూర్ఛ మాత్రలు, రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవాళ్లూ అంతే. క్యాబిన్ ఫ్రిజ్‌ను నమ్ముకోకండి. చాలావాటిలో కూల్‌డ్రింకులు చల్లబడతాయి గానీ ఇన్సులిన్‌కు కావలసిన 2 నుంచి 8 డిగ్రీలు నిలకడగా ఉండదు. ఓడ మెడికల్ సెంటర్‌లో పెట్టమని అడగండి. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద సూట్‌కేసు క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రం కావచ్చు.

వాంతులు రాకుండా వేసుకునే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. మన దగ్గర దొరికే ప్రోమెథజైన్ మాత్ర వేసుకున్నవాళ్లు మర్నాడంతా తూలుతూ, టైం తేడా పడలేదని అనుకుంటారు. పడకపోయింది మాత్ర. సముద్రం నిజంగా ఊగే రోజుకే దాచుకోండి, నిద్రమాత్రతో కలపొద్దు. నిద్ర కోసం వాడే మెలటోనిన్ గంట తేడాకు అక్కరలేదు. పెద్ద విమాన ప్రయాణం తర్వాత వాడాలనుకుంటే తక్కువ మోతాదు, అదీ డాక్టరును అడిగాకే.

రేవులో దిగిన రోజు

ఓడ దిగే మెట్ల దగ్గర బోర్డు మీద తిరిగి ఎన్ని గంటలలోపు ఎక్కాలో రాసి పెడతారు. అది ఓడ టైం. బయలుదేరే టైం కన్నా అరగంట, గంట ముందే ఉంటుంది. బోర్డును ఫొటో తీసుకోండి, చేతి గడియారంతో సరిపోల్చండి, ఆ తర్వాతే మెట్లు దిగండి.

రేవు టైం ఓడ కన్నా వెనక ఉన్నప్పుడే కొంప మునుగుతుంది. జూలైలో మయామీ ఓడ కోజుమెల్‌లో ఆగిందనుకోండి. ఓడ మయామీ టైం మీదే ఉంది, నాలుగున్నరకు ఎక్కాలి. ఊర్లోని గోడ గడియారం, టాక్సీ డ్రైవరు, ఆటోమేటిక్‌లో వదిలేసిన ఫోను అందరూ మూడు అంటుంటారు. ఓడలో నాలుగు. ఇంకా గంటన్నర ఉందనుకుని కొబ్బరిబోండాం తాగుతూ కూర్చుంటే మీకు మిగిలింది అరగంట. రేవు టైం ముందున్నప్పుడు భయం లేదు, పొరపాటు పడ్డా గంట ముందే వచ్చి ఓడలో కూర్చుంటారు.

ఓడవాళ్ల దగ్గరే కొన్న షికారు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. బయట మాట్లాడుకున్న టాక్సీకి ఆగదు. బయటి టాక్సీవాళ్లతో తిరిగి వచ్చే టైం చెప్పేటప్పుడు మీ చేతి గడియారం చూపించి ఇందులో మూడున్నర అని చెప్పండి, అంకె నోటితో చెప్తే ఎవరి గడియారం వాళ్లు వింటారు.

ఇంటికి ఫోను

ఇంటివాళ్లకు మొత్తం పట్టిక పంపితే ఎవరూ చదవరు. ఓడ టైం మారిన ప్రతిసారీ ఒక్క మెసేజ్ చాలు: రేపటి నుంచి మీ రాత్రి ఎనిమిది మాకు ఇన్ని గంటలు. వరంగల్ రాత్రి ఎనిమిదికి వేసవి మయామీలో పొద్దున పదిన్నర, సియాటిల్‌లో ఏడున్నర, అలాస్కాలో ఆరున్నర, బార్సిలోనాలో సాయంత్రం నాలుగున్నర, సింగపూర్‌లో రాత్రి పదిన్నర. సియాటిల్ లెక్క సులువు: వేసవిలో మన గడియారం నుంచి అరగంట తీసి పగలును రాత్రి చేస్తే అయిపోయింది. చలికాలంలో లండన్ టైం కావాలంటే చేతి గడియారాన్ని తలకిందులుగా పట్టుకుని చూడండి. ఐదున్నర గంటల తేడా కాబట్టి ముళ్లు దాదాపు అక్కడి టైమే చూపిస్తాయి.

తేదీయే మారిపోయే ఓడలు

జపాన్ నుంచి అమెరికాకో, అమెరికా నుంచి జపాన్‌కో పసిఫిక్ దాటే ఓడలో గంటలతో పాటు ఒక రోజే మారుతుంది. పడమటికి పోతే ఒక రోజు మాయం. తూర్పుకు పోతే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. 1522లో భూమి చుట్టి వస్తున్న మెగెల్లన్ బృందం ఓడ కేప్ వెర్డీ దీవుల దగ్గర ఆగితే, తమ లెక్కలో బుధవారం, ఒడ్డున గురువారం. రోజూ తేదీ రాసుకున్నా ఒక రోజు ఎక్కడ పోయిందో వాళ్లకు అర్థం కాలేదు.

మనకు చిక్కొచ్చేది వారాల పేర్లున్న మాత్రల డబ్బాతో. తూర్పు ప్రయాణంలో రెండు మంగళవారాలొస్తే రెండు రోజులూ మాత్ర కావాలి, డబ్బాలో ఒక్కటే ఉంటుంది. ఒక రోజు మందు ఎక్కువ పెట్టుకోండి. పడమటి ప్రయాణంలో మాయమైన వారం గడిలో మాత్ర మిగులుతుంది, దాన్ని మర్నాటి దానితో కలిపి రెండు వేసుకోకండి. మాత్రకు లెక్క 24 గంటలు, వారం పేరు కాదు. వేములవాడ రాజన్నకు సోమవారం ఒక్కపొద్దు ఉండేవాళ్లకు ఆ సోమవారమే మాయమైతే ఏం చేయాలో మీ ఇంటి పెద్దలను ముందే అడిగి పెట్టుకోండి. రెండు సోమవారాలొస్తే రెండు ఒక్కపొద్దులా అన్నది కూడా. షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం వరసగా రెండు రోజులు ఉండొద్దు.

దిగే రోజు, ఇంటిదారి

అలాస్కా ఓడల్లో వెళ్లేటప్పుడు వచ్చిన గంటను తిరిగి తీసుకునేది ప్రయాణం చివర్లో. సామాను సర్దుకునేది, పెట్టెలు రాత్రి పది, పదకొండింటికల్లా తలుపు బయట పెట్టాల్సింది, పొద్దున ఏడింటికే దిగాల్సింది కూడా అప్పుడే. పెట్టెలు ముందురోజు మధ్యాహ్నమే సర్దేయండి. దిగే రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు విమానం బుక్ చేయకండి. ఫోనులో ఆపిన ఆటోమేటిక్ టైం జోన్‌ను రేవులో కాలు పెట్టాక మళ్లీ ఆన్ చేయాలి. అది మరిచిపోయి విమానాశ్రయంలో గంట తేడాతో గేటు దగ్గర నిలబడేవాళ్లు తక్కువేం కాదు.

శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగితే అక్కడి నుంచి సొంతంగా కారు నడపొద్దు, డ్రైవరును పిలిపించుకోండి. వాళ్లకు టైంతో పాటు తేదీ కూడా చెప్పండి. అమెరికాలో మంగళవారం రాత్రి ఎక్కితే ఇక్కడ గురువారం దిగుతారు, తేదీ చెప్పకపోతే వాళ్లు బుధవారం పొద్దున వచ్చి కారు పెట్టుకుని కూర్చుంటారు పాపం.